ఏడురాళ్ళ కమ్మలు



చాలా దినములకు మరల ఇటు వచ్చాను. ఎప్పటివలె ఛందస్సును గురించియో సంధులను గురించియో వ్రాస్తానని అనుకొని ఉంటారు. ఈమారు నా ఇంటి సంగతి ఒకటి చెప్పదలచాను. ఇందులో కొంత నా తెలివితక్కువ ఉన్నది, కొంత మీకు పనికివచ్చే సమాచారమూ ఉన్నది.

1987లో మా నాయనగారికి జబ్బు చేసింది. వేలూరికి తీసుకొనిపోవాలన్నారు. ఉపాధ్యాయుని జీతము ఎంతటిదో మీకు చెప్పనక్కరలేదు. ఆ రాత్రి మా ఇల్లాలు తన చెవుల కమ్మలు తీసి, పసుపు గుడ్డలో పొట్లము కట్టి నా చేతికిచ్చింది. అవి ఏడురాళ్ళ కమ్మలు. చుట్టూ ఆరు కెంపులు, నడుమ ఒకటి. ఆమె తల్లిగారి పెళ్ళినాటివి. వాటిని కుదువ పెట్టి వేలూరికి వెళ్ళాము. నాయనగారు మరి నాలుగేండ్లు జీవించారు. కమ్మలు మాత్రము ఇల్లు చేరలేదు. వడ్డీ కట్టలేకపోయాను, గడువు దాటింది, వేలము వేసేశారు. ఆమె దానిని గురించి ఒక్కనాడూ అడుగలేదు. అడిగి ఉంటే బాగుండునని నాకు ఎన్నిసార్లు తోచిందో!

2024 జూలైలో మా మనుమరాలు చేతిఫోనులో ఏదో చూస్తూ, "తాతా, అవ్వ చెప్తూ ఉంటుందే, అట్లాంటి కమ్మలు" అని చూపింది. వాడిన వస్తువులు అమ్ముకొనే ఒక అంతర్జాలపు అంగడి అది. బొమ్మ క్రింద మూడు మాటలు: "22 క్యారెట్లు, 6 గ్రాములు, అసలు కెంపులు." వెల 34,000 రూపాయలు. నాటి ధరకు కొంత తక్కువే. అమ్మేది గోదావరి జిల్లాలలోని ఒక గృహిణి. అంగడివారి ద్వారా సొమ్ము చెల్లిస్తే, వస్తువు చేరి మనము సరేననేదాకా దానిని వారు తమవద్దే ఉంచుతారు. అయితే అందుకు రుసుము ఉన్నదట. "నేరుగా నాకే పంపండి సార్, ఇద్దరికీ మిగులుతుంది" అన్నది ఆమె. పంపాను. అది నా మొదటి తప్పు.

పొట్లము వచ్చింది. మా ఇల్లాలు కమ్మలను వెలుతురులో త్రిప్పి చూచింది. అరచేతిలో ఉంచుకొని కొంతసేపు మాటాడలేదు. తరువాత "బాగున్నాయండీ" అన్నది. మరి కాసేపటికి, "కొంచెము తేలికగా ఉన్నాయి" అన్నది. ముప్పదియేడేండ్ల క్రిందట చెవి మోసిన బరువు ఆమెకింకా జ్ఞాపకమున్నది.

దేవళము వీధులలో మాకు చిరపరిచితుడైన కంసాలి ఒకాయన ఉన్నాడు, నావద్ద చదువుకొన్నవాడే. ఒరగల్లు మీద గీచి, ఆమ్లపు చుక్క వేసి, "ఎవురు చెప్పినారు అయ్యోరా ఇరవై రెండని? మచ్చు పద్దెనిమిది చెప్తా ఉండాది" అన్నాడు. బరువు సంగతి అడిగితే, రాళ్ళు విప్పితే గానీ తేలదన్నాడు. విప్పుమన్నాను. రాళ్ళ క్రింద లక్క, లక్క మీద తళుకు రేకు, దాని మీద ఎర్రగాజు. రాళ్ళూ లక్కా కలిసి 1.8 గ్రాములు, పోగా మిగిలిన లోహము 4.2 గ్రాములు. రాళ్ళు విప్పించడము నా రెండవ తప్పు. ఎందుకో ముందు చెబుతాను.

తిరుపతిలో నగలను పరీక్షించి ముద్ర వేసే కేంద్రములో చూపించాను. నాలుగు నగల వరకు పరీక్షకు 200 రూపాయల రుసుము. అక్కడి యంత్రమూ 750 అనే చెప్పింది, అనగా వెయ్యిపాళ్ళలో బంగారము 750. మన లెక్కలో పద్దెనిమిది క్యారెట్లు. ఇరువదిరెండైతే 916 ఉండాలి. లెక్క కట్టాను. చెప్పిన మాట ప్రకారము ఉండవలసిన మేలిమి దాదాపు 5.5 గ్రాములు. ఉన్నది 3.15.

ఇక ఏమి చేయవలెను? రిటైరైన పంతులుకు తీరిక ఎక్కువ గదా! చట్టాలు తెరచి కూర్చున్నాను. నాకు బోధపడినది మీతో పంచుకొంటాను.

మొదట తేల్చుకోవలసినది, అమ్మినవారెవరని. వర్తకులైతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము మనకు అండ. మనము నివసించే చోటనే జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. అమ్మినవారి ఊరికి పరుగెత్తనక్కరలేదు. వస్తువుకు చెల్లించిన మూల్యము అయిదు లక్షలలోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు. గడువు రెండేండ్లు. అంతకుముందు 1915 అనే సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చు. అంతర్జాలపు అంగడివారికీ 2020లో నియమాలు ఏర్పడినవి: ఫిర్యాదు అందినదని 48 గంటలలో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నేను వారి తలుపు ప్రక్కనుండి పోయి సొమ్ము నేరుగా ఇచ్చాను కాబట్టి, వారిని నిలదీసే ముఖము నాకు లేకపోయింది.

నగల వర్తకుని వద్ద ముద్ర ఉన్న నగ కొంటే మరొక రక్షణ ఉన్నది. 1 ఏప్రిల్ 2023 నుండి ఆరు అక్షరాంకాల గుర్తింపు సంఖ్య లేని బంగారు నగను వర్తకులు అమ్మరాదు. కొన్ని మినహాయింపులు ఉన్నవి. కుందనపు పని అందులో ఒకటి. ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో కొట్టి సరిచూచుకోవచ్చు. ముద్రలో చెప్పిన స్వచ్ఛత లేదని తేలితే, తరిగిన విలువకు రెండింతలూ పరీక్ష రుసుమూ పరిహారముగా రావాలని 2018 నాటి నియమము. అయితే ఇంట్లోని పాతనగను అమ్ముకొనే గృహిణికి ఈ ముద్ర నిర్బంధము లేదు. నేను కొన్న కమ్మల మీద ఏ ముద్రా లేదు.

బుద్ధిపూర్వకముగా వంచిస్తే అది నేరము. 1 జూలై 2024 నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో 318వ సెక్షను దానిదే. మనవారు ఇంకా "ఫోర్ ట్వంటీ" అనే అంటున్నారు. సొమ్ము పుచ్చుకొని వస్తువే పంపకపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

నా వ్యవహారము వీటిలో దేనికీ అమరలేదు. ఇద్దరు గృహస్థుల నడుమ బేరమిది. దీనికి పాత చట్టాలే గతి. 1930 నాటి వస్తువిక్రయ చట్టము 15వ సెక్షను ప్రకారము, వర్ణించి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. 1872 నాటి ఒప్పందాల చట్టము ప్రకారము, తెలియక చెప్పిన అబద్ధమైనా సరే, దానిని నమ్మి కొన్నవాడు ఒప్పందమును రద్దు చేసుకోవచ్చు. వస్తువు చేరిన పిమ్మట పరిశీలించుకొనే హక్కూ కొన్నవానికి ఉన్నది. కానీ పరిశీలించడము వేరు, విప్పడము వేరు. సొంతదారు వలె వస్తువుమీద చేయి చేసుకొంటే దానిని అంగీకరించినట్లే. రాళ్ళు పెరికిన కమ్మలను ఎవరు వాపసు తీసుకొంటారు? ఇక నాకు మిగిలినది, తరిగిన విలువను మాత్రము అడుగుట. అందుకే అది రెండవ తప్పు అన్నాను.

ఈలోగా మా అల్లుడు ఒక ఉపాయము చెప్పాడు. "మామయ్యా, రాళ్ళు మళ్ళీ పొదిగించి, అదే ఫోటో, అదే మాటలు పెట్టి మనమూ అమ్మేద్దాము. ఆమె చెప్పిందే మనమూ చెబుతున్నాము, కొత్తగా అబద్ధమాడేదేమున్నది?" గద్దించాను. కానీ, మిత్రులారా, దాచనేల? ఆ రాత్రి నిద్ర పట్టక పొర్లుతూ, ఆ ప్రకటనలో వాక్యము ఎట్లుంటే అబద్ధము కాకుండా ఉంటుందో మనసులో కూర్చుకొన్నాను. "22 క్యారెట్లని చెప్పి మాకు అమ్మినవి." వ్యాకరణములో దోషము లేదు. ప్రతి పదమూ సత్యము. ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు భాష చెప్పిన బుద్ధి అంత చక్కగా అబద్ధమాడగలదని నాకే ఆశ్చర్యము వేసింది.

తెల్లవారి ఆమెకు సందేశము పంపాను. పరీక్ష పత్రము బొమ్మా, తూకము లెక్కా, రాళ్ళు విప్పించిన సంగతీ అన్నీ వ్రాశాను. గంట తిరగకముందే ఫోను వచ్చింది. మొదట గొంతు గట్టిగానే ఉన్నది: "మా అమ్మ ఇరవైరెండనే చెప్పింది సార్, మీ కంసాలే మార్చాడేమో!" నావద్ద చదువుకొన్నవాడని చెప్పాను. కొంచెము మౌనము. తరువాత, "కొడుకు కాలేజీ ఫీజు కట్టేశాను సార్. డబ్బు లేదు" అన్నది.

పసుపు గుడ్డలోని పొట్లము నా కన్నుల ముందు మెదిలింది. 1987లో వేలములో మా కమ్మలు కొన్నవారు ఎవరో! ఇంటికి తీసుకొనిపోయి తూకము వేసుకొన్నారో, లక్క ఎంత ఉన్నదని వారూ నొచ్చుకొన్నారో! మా అత్తగారివి మేలిమివని మేమూ విన్నదే గాని పరీక్షించినది లేదు.

మనకు పొరుగైన అరవనాట ఇళంగో అడిగళ్ చెప్పిన శిలప్పదికారము కథ కూడా ఒక పాతనగ అమ్మకముతోనే మలుపు తిరుగుతుంది. కోవలుడు మధురలో భార్య అందెను అమ్మబోయి, రాణి అందె దొంగిలించాడన్న నిందతో ప్రాణమే పోగొట్టుకొన్నాడు. కణ్ణగి అందెను పగులగొడితే మాణిక్యాలు రాలాయి. రాణి అందెలో ఉన్నవి ముత్యాలు. నగ లోపల ఏమున్నదో విప్పితేనే తెలిసింది. బిల్లు లేని పాతనగను కొనేవారు తలచుకోవలసిన కథ అది. ఆ నగ అమ్మేవారిదేనా అన్న ప్రశ్న, క్యారెట్ల ప్రశ్న కంటె ముందు రావాలి. నేను అదీ అడుగలేదు.

చివరకు ఒప్పందమిది. లెక్క ప్రకారము రావలసినది పద్నాలుగున్నర వేలు. రాళ్ళు విప్పించిన తప్పు నాదిగా కొంత తగ్గించుకొని పన్నెండు వేలకు సరేనన్నాను. నెలకు నాలుగువేల చొప్పున ఇస్తానన్నది. రెండు వాయిదాలు వచ్చాయి. మూడవది ఆలస్యమైనప్పుడు, పోనిమ్మని చెప్పేద్దామా అని ఇల్లాలిని అడిగాను. ఆమె అన్నది: "ఇస్తానన్నది గదా, ఇవ్వనీండి. వద్దని ఆ పిల్లను చిన్నబుచ్చకండి. బాకీ ఉండిపోతే ఎట్లుంటుందో మీకు తెలియదా?"

నాకు తెలుసు. ఆ మాట నన్ను ఎక్కడ తాకిందో ఆమెకూ తెలుసు. ముప్పదియేడేండ్లలో ఆ కమ్మల ప్రస్తావన ఆమె నోట వచ్చినది అదొక్కమారే. మూడవ వాయిదా సంక్రాంతికి ముందు వచ్చింది.

మా ఊరి సువర్ణముఖిని గురించి పెద్దలు ఒక కథ చెబుతారు. గుడి కట్టిన కూలీలు సాయంత్రము ఏటిలో మునిగి పిడికెడు ఇసుక తీసుకొంటే, పడిన శ్రమకు తగినంత బంగారమయ్యేదట. ఇప్పుడా ఏటిలో చాలాకాలము నీరే ఉండదు. గాజురాళ్ళు మరల పొదిగించాము. మా ఇల్లాలు ఆ కమ్మలనే పెట్టుకొంటున్నది. ఎవరైనా అడిగితే, "పద్దెనిమిది క్యారెట్లు, రాళ్ళు గాజువి" అని తానే ముందు చెబుతుంది.

మీలో ఎవరైనా పాతనగ కొనదలిస్తే ఈ ముసలివాని మాట వినండి. సొమ్ము చేయి మారకముందే పరీక్ష చేయించండి, బిల్లు అడగండి, రాళ్ళ బరువు, బంగారు బరువు విడివిడిగా వ్రాయించుకోండి, పొట్లము విప్పేటప్పుడు వీడియో తీయండి, నచ్చకపోతే ఏమీ విప్పక, ముందు ఉత్తరము వ్రాయండి. మీకు ఇటువంటి అనుభవములున్న తప్పక తెలుపగలరు.

సెలవు.