కంప మీద అగ్గిపువ్వు

శాంతిపురంలో కూర్చుని సముద్రపు దిబ్బల పువ్వు గురించి మాట్లాడతానంటే నవ్వకండి. సముద్రం మనకు దూరమే. కానీ ఆస్ట్రేలియా తూర్పు తీరాన ఇసుక దిబ్బలను కమ్మేసి అక్కడివాళ్లను విసిగిస్తున్న తీగా, మన గుట్టల్లో కంపల మీదికి ఎగబాకే తీగా ఒకటే. అడవినాభి. అగ్నిశిఖ అన్నా ఇదే.

దీన్ని వానాకాలంలో చూడాలి. ఎండలున్నన్నాళ్లూ దుంపగా నేలలో పడుకుని, పదును తగలగానే లేస్తుంది. పాకడానికి వేరే నులితీగలుండవు. ఆకు కొసే సన్నగా సాగి, మెలి తిరిగి, పక్కనున్న కొమ్మను పట్టేస్తుంది. ఇక పువ్వు సంగతి చెప్పాలా! ఆరు రేకలూ అంచులు అలలు తిరిగి, వెనక్కి విరుచుకుని మంటలా పైకి లేస్తాయి. పచ్చగా మొదలై, పసుపుకు తిరిగి, ఆఖరికి ఎర్రబడతాయి.

పక్కనే ఉన్న తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, ఎక్కడో ఉన్న జింబాబ్వేకు జాతీయ పుష్పం. 1947లో, బ్రిటన్ రాణి ఎలిజబెత్ ఇంకా యువరాణిగా ఉన్నప్పుడు, ఆమె 21వ పుట్టినరోజుకు అక్కడి బడిపిల్లల తరఫున ఈ పువ్వు ఆకారంలో వజ్రాల బ్రూచ్ ఇచ్చారు.

అందం చూసి మోసపోకండి. దుంప నుంచి గింజ దాకా కొల్చిసిన్ అనే విషం. చిలగడదుంప అనుకుని తిన్నవాళ్లున్నారు. వాంతులు, విరేచనాలతో మొదలై ప్రాణం మీదికి వస్తుంది. బతికి బయటపడ్డా కొన్నాళ్లకు జుట్టు ఊడిపోవచ్చు. అదే కొల్చిసిన్‌ను డాక్టర్లు కొలిచి ఇస్తే గౌట్ నొప్పికి మందు. గింజల్లేని పుచ్చకాయ ఉంది చూశారూ, దాని పుట్టుకలోనూ దీని చెయ్యి ఉంది. మొక్క కణాల్లో క్రోమోజోములను రెట్టింపు చేసే గుణం దీనిది.

మందుకు గిరాకీ ఉంటే తవ్వకాలు ఆగుతాయా? తమిళనాడులో రైతులు దీన్ని పొలాల్లో పెంచి గింజలు అమ్ముకుంటున్నారు. అది సాగు, దానికి నేనేమీ అనను. గుట్ట మీద దుంప పెరకడం మాత్రం ఆ తీగ వంశాన్ని తీయడమే. ఆస్ట్రేలియావాళ్లు దుంపలు తవ్వి పారేస్తున్నారంటే అర్థముంది. అక్కడికది వలస వచ్చిన కలుపు. ఇక్కడ సొంతూరు.

ఈ వానలకు కంపల్లో కనబడితే పిల్లలకు చూపించండి. మేకలను అటు పోనివ్వకండి. దుంప జోలికి మాత్రం వెళ్లకండి.