కొవ్వెక్కింది ఎవరికి?

మన భాషలో కొవ్వు ఒంట్లో ఉండే పదార్థం మాత్రమే కాదు, తిట్టు కూడా. ఎదురు చెప్పిన ఆడదానికి కొవ్వెక్కుతుంది. కాసేపు పని ఆపి కూర్చున్న కోడలికి ఒళ్ళు కొవ్వెక్కుతుంది. మా అమ్మ ఈ మాట నాయనమ్మ నోట విన్నది, నాన్న నోట విన్నది. చివరికి షుగర్ డాక్టరు నోట కాస్త మర్యాదగా విన్నది: "నూనె తగ్గించమ్మా, నోరు కట్టుకో." నేనూ అదే అన్నాను. స్త్రీల కథల్లో శరీరం గురించి సిద్ధాంత వ్యాసం రాసి డాక్టరేట్ తెచ్చుకున్నదాన్ని.

అమ్మ ఆదోని మార్కెట్ యార్డు దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా ఉగ్గాని బజ్జీ అమ్మింది. పత్తి, వేరుశనగ తెచ్చే రైతులకు, హమాలీలకు అదే పొద్దుటి తిండి. తెల్లారకముందే బొరుగులు తడిపి తిరగమాత వేసేది, పుట్నాల పొడి చల్లేది, మిరపకాయ బజ్జీలు వేసేది. వేరుశనగ పండే ఊళ్ళోనే ఉండి, శనగనూనె ధర అందక పామాయిల్‌కి మారింది. మధ్యాహ్నానికి మిగిలిన చల్లటి బజ్జీలే ఆమె తిండి. నేను కోప్పడితే, "మిగిలినవి పారేయల్లా ఏమి?" అనేది.

నేను ఎమ్మిగనూరులో పాఠాలు చెబుతూ సెలవులకు ఆదోని బస్సెక్కేదాన్ని. అమ్మను ఒప్పించడానికి ఆధారాలు కావాలని కొవ్వు గురించి చదవడం మొదలుపెట్టాను.

కొవ్వు కేవలం నిల్వ సరుకు కాదట. అందులో రోగనిరోధక కణాలు కాపురముంటాయి. లావెక్కిన ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్ అనే ఇన్‌ఫ్లమేషన్ పదార్థం తయారవుతుందనీ, అది ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుందనీ 1993లో తేలింది. 2003లో దాని మూలం దొరికింది. సన్నటి శరీరపు కొవ్వులో మాక్రోఫేజ్ కణాలు పది శాతం లోపే ఉంటే, బాగా లావైన ఎలుకల్లో సగానికి మించాయి, మనుషుల్లో దాదాపు నలభై శాతానికి చేరాయి. కొవ్వు కణం పట్టలేనంత ఉబ్బి చచ్చిపోతే వాటి చుట్టూ మాక్రోఫేజులు కిరీటంలా గుమిగూడతాయి. శుభ్రం చేయడానికి వచ్చినవే, వెళ్ళకుండా మంట రాజేస్తాయి. ఆ మంటను చల్లార్చే టి-కణాలు కొన్ని అక్కడ తగ్గిపోతాయని 2009లో తెలిసింది.

ఇంతవరకూ డాక్టరుదీ నాదీ గెలుపే అనుకున్నాను. అప్పుడు ఎలుకల గురించి చదివాను. అరవై శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే మేత పెట్టిన ఈ ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది మగ ఎలుకల్నే. అవి త్వరగా లావెక్కుతాయి, షుగర్ త్వరగా పెరుగుతుంది. ఆడ ఎలుకల కొవ్వులో అదే మేతకు మంట తక్కువ. అండాశయాలు తీసేస్తే ఆ రక్షణ తగ్గిపోతుంది. ప్రయోగాల్లో ఆడ, మగ తేడాను లెక్కలోకి తీసుకోవాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు అడగడం మొదలుపెట్టింది 2016లో.

అండాశయాలు తీసేస్తే... ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ముప్పై మూడేళ్ళ అమ్మకు ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట, ఎక్కువ రక్తస్రావం, "ఉంచితే క్యాన్సర్ వస్తుంది" అన్న మాట. ఇంతే మాకు తెలిసింది. ట్రంకు పెట్టె అడుగున డిశ్చార్జి కాగితం ఉంది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు. రెండు అండాశయాలూ తీసేశారు. పాతికేళ్ళుగా ఆ కాగితం మా ఇంట్లోనే ఉంది. నేను ఎన్ని కథలో చదివాను, దాన్ని చదవలేదు.

ఇది మా ఇంటి కథ ఒక్కటే కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోకెల్లా ఎక్కువ. వాళ్ళలో ఎంతమందికి అండాశయాలు కూడా పోయాయో, పోయాయని ఎంతమందికి చెప్పారో ఈ అంకెలో లేదు.

అమ్మ షుగర్‌కి ఆపరేషన్ ఒక్కటే కారణమని నేననను. పామాయిల్ ఉంది, నిద్రలేని తెల్లవారుజాములు ఉన్నాయి. కానీ ఆమె తిండిని అందరం విచారించాం, ఆమె శరీరంలోంచి ఏం పోయిందో ఒక్కరమూ అడగలేదు.

కాగితం చదివి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

"నాకు గర్భసంచి ఒగటే అని చెప్పినారు కదే," అంది. తర్వాత, "సంతకం ఎవరు పెట్టినారు?" అని అడిగింది.

నాన్న పెట్టారు. ఆయనకు ఇంగ్లీషు రాదు.

తర్వాతి నెల షుగర్ డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆ కాగితం ఆమె ఫైలులో అన్నిటికంటే పైన పెట్టాను. ఆయన చదివి, "ఇది ముందే చెప్పాల్సిందమ్మా," అన్నాడు.

"మీరు నూనె సంగతే అడిగినారు సార్," అంది అమ్మ.