డిక్కీ బీగము

ధర్మవరంలో మనుమరాలి పెళ్ళికి పట్టుచీర కొని హిందూపురానికి తిరిగివస్తూ, నీళ్ళసీసా కోసం పెనుకొండలో ఆగితే కారు డిక్కీ తెరచుకోలేదు. (తాళాన్ని మా సీమలో బీగమంటాము, పొరుగు కన్నడిగులదీ ఆ మాటే.) 2019 నుండి కియా వారి కొత్త కార్లు తయారవుతున్న ఊరిప్రక్కనే మా పాతబండికి ఈ అవస్థ! చీర లోపల, ముహూర్తం మరునాటి ఉదయం.

“మామా, పట్టకారుతో తిప్పేదా?” అన్నాడు అల్లుడు.

“వద్దు నాయనా, చెవి విరిగితే చీర లోపలే.”

బీగములోని సన్నని రేకులు చెవి గాట్లను అనుసరించి కదలాలి. దుమ్మూ పాతనూనే కలిసి జిగటై వాటిని పట్టివేస్తాయి. మెకానిక్కు రంధ్రంలో డబ్ల్యూడీ-40 చల్లాడు. పది నిమిషాలాగి, అల్లుడు డిక్కీమూతను అరచేతులతో క్రిందికి అదిమిపట్టగా చెవిని మెల్లగా అటూఇటూ ఆడించాను. కొక్కెంపై బిగువు సడలి తెరచుకున్నది.

ఆ ద్రవం జిడ్డును కరిగిస్తుందే కాని చిరకాలం నిలువదు. పెళ్ళి ముగిశాక, బీగము బాగా ఆరినదని చూచుకొని, చెవికి మెత్తని బి పెన్సిలు రుద్ది పలుమార్లు త్రిప్పాను. అందులోని గ్రాఫైటు పొడిగా ఉండి దుమ్మును పట్టదు. (అయ్యవారి ఇంట పెన్సిళ్ళకు కరువా!) కొబ్బరినూనె మాత్రం పోయకండి, పుష్యమాసపు చలికి గడ్డకడుతుంది. కొక్కేనికి వేరుగా గ్రీజు పూశాను. అక్కడ పెన్సిలు చాలదు.