ప్రక్క మార్చు చేయి

నిద్రించు మనుష్యుడు కదలక పడియున్నట్లు చూచువారికి తోచును. కాని అది నిజము కాదు. ఒక్క రాత్రిలో అతడు పెక్కుమారులు ప్రక్కకు ఒత్తిగిలును, కాలు ముడుచును, చేయి చాచును. తెల్లవారిన పిమ్మట ఇందులో ఒక్కటియు అతనికి జ్ఞాపకముండదు. అతనిని కదల్చినది ఎవరు? శరీరపు బరువు ఒకేచోట నిలిచినప్పుడు అచ్చట పుట్టెడు స్వల్పమైన బాధయే. బాధను అందరును శత్రువుగా తలంతురు. నిజమునకు అది రాత్రియెల్ల నిద్రపోని కావలివాడు.

ఆ కావలివాడు లేనినాడు ఏమగునో వేలూరులో కుష్ఠురోగులకు చికిత్స చేసిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు చక్కగా గ్రహించెను. రోగుల వ్రేళ్లను వ్యాధియే తినివేయునని పూర్వము లోకులు నమ్మిరి. స్పర్శ నశించుటచే రోగులు కాలినను తెగినను ఎరుగక తమ చేతులను తామే పాడుచేసికొనుచున్నారని అతడు చూపెను. వెన్నెముక దెబ్బతిని కాళ్లు పడిపోయినవారి స్థితియు ఇట్టిదే. వారికి బాధ తెలియదు. తెలిసినను కదలుటకు శక్తి చాలదు.

ఇట్టివారి సంగతి బసంత్‌నగరు వంటి ఊళ్లకు క్రొత్తది కాదు. ఈ ఊరు పెద్దపల్లి జిల్లాలో, హైదరాబాదు నుండి రామగుండమునకు పోవు రాజీవ్ రహదారి మీద నున్నది. ఇచ్చట సిమెంటు కర్మాగారము కలదు. దాపుననే సింగరేణి బొగ్గుగనులును, రామగుండము విద్యుత్కేంద్రమును కలవు. రాయి, బొగ్గు, యంత్రము, లారీ – వీనితో నిత్యము మెలగు జనులకు ప్రమాదము పొరుగింటి చుట్టము వంటిది. గని పైకప్పు కూలినను, వాహనము బోల్తాపడినను నడుము విరుగవచ్చును. ఆసుపత్రిలో ప్రాణము దక్కి ఇంటికి వచ్చిన మనుష్యుని కొన్ని వారములకు పడకపుండు మరల మృత్యుముఖమునకు ఈడ్చుట కలదు.

పడకపుండు పుట్టు విధము గని కార్మికునకు సులభముగా బోధపడును. భూగర్భగనిలో బొగ్గునంతయు ఒక్కసారి త్రవ్వివేయక, అక్కడక్కడ బొగ్గు స్తంభములను నిలిపి ఉంచుదురు. పైకప్పు బరువంతయు వానిమీద పడును. పండుకొన్న దేహమునకును అట్టి స్తంభములు కలవు. వెల్లకిల పండుకొన్నప్పుడు తల వెనుక భాగము, రెక్క ఎముకలు, మోచేతులు, నడుము క్రింది ఎముక, మడమలు బరువు మోయును. ప్రక్కకు ఒత్తిగిలినప్పుడు భుజము, తుంటి, మోకాలు, చీలమండ మోయును. ఎముకకును పరుపునకును నడుమ చిక్కిన కండలో సన్నని రక్తనాళములు మూసికొనును. రక్తమందక కొన్ని గంటలు గడచినచో కండ చచ్చును. పైకి చిన్న మచ్చయే కనబడినను లోపల గొయ్యి యేర్పడవచ్చును. దాని ద్వారా చీము ఎముక వరకును, విషము రక్తము వరకును పోవును. మెత్తని పరుపే అప్పుడు అంపశయ్య యగును.

ఒకప్పుడు ఈ పుండ్లు నరముల వ్యాధితో పుట్టి తీరునని గొప్ప వైద్యులును తలంచిరి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో ప్రకటించిన గ్రంథమున, పడకపుండు సాధారణముగా రోగము తప్పు కాదనియు, పరిచర్యలోని లోపమనియు వ్రాసెను. ఆ మాటను ఆచరణలో నిరూపించినవారిలో లుడ్విగ్ గుట్‌మన్ ముఖ్యుడు. ఆయన జర్మనీలో యూదులపై సాగిన హింసకు తాళలేక 1939లో ఇంగ్లండు చేరిన వైద్యుడు. 1944లో స్టోక్ మాండెవిల్ అను చోట వెన్నెముక గాయపడిన సైనికులకు చికిత్సాలయము నారంభించెను. పగలు, రాత్రి యనక రెండు గంటల కొకమారు ప్రతి రోగిని ప్రక్క మార్చుట అచ్చటి నియమము. అంతకుముందు పుండ్లచేతను, మూత్రసంబంధమైన వ్యాధులచేతను త్వరలో మరణించుచుండిన రోగులు బ్రతికి బట్టగట్టిరి. 1948 జూలై 29న పదునార్గురు రోగులు చక్రపు కుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడిరి. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే మూలము. అంపశయ్య మీద పడియుండవలసినవారే అంబులు వేయగలిగిరి!

ఈ సేవ ఇంటిలో జరుగు తీరును ఊహింపుడు. తండ్రి నడుము విరిగి మంచమున నున్నాడు. ఇంటిలో తల్లి, అవ్వ, ఎనిమిదవ తరగతి చదువు కుమారుడు కలరు. కార్మికవాడలో షిఫ్టులెరుగని ఇల్లు లేదు. తల్లి సేవను కూడ షిఫ్టులుగా విభజించును. గోడమీది అట్టపై గంటలును, వానికెదురుగా ‘ఎడమ, వెల్లకిల, కుడి’ అనియు వ్రాయబడియుండును. బాలుడు తండ్రిని తాకుటకు ముందు, “బాపూ, ఇప్పుడు ఎడమదిక్కు తిప్పుతాము” అని చెప్పును. చెప్పక త్రిప్పుటకు అతడు మూట కాదు, మనుష్యుడు.

ఇద్దరు కలిసి అడుగున పరచిన దుప్పటితో ఎత్తి త్రిప్పుదురు; ఈడ్వరు, ఈడ్చినచో చర్మము ఒరసికొనును. తుంటిమీద పూర్తిగా పండబెట్టక, వీపు వెనుక దిండు పెట్టి కొంచెము వాలుగా నుంచుదురు. మోకాళ్ల నడుమ ఒక దిండు, మడమలు పరుపును తాకకుండ పిక్కల క్రింద ఒకటి ఉండును. భోజనవేళ తప్ప తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తరు. ఎత్తినచో దేహము క్రిందికి జారి చర్మము లోలోపల సాగును. తడిసిన బట్ట వెంటనే మార్చుదురు, దుప్పటి ముడుతలు సరిచేయుదురు. పప్పు, గ్రుడ్డు, పాలు లోపింపనీయరు. గాలిపరుపు ఉన్నను ప్రక్క మార్చుట మానరు.

ఒకనాడు అవ్వకు జ్వరము వచ్చి, తల్లి అలసి నిద్రించినందున రాత్రి రెండు మారులు తప్పిపోయినవి. ఉదయమున బాలుడు దీపము పట్టి చూడగా నడుము క్రింద చర్మము నల్లబారి యుండెను. నలుపు చాయ గలవారి దేహమున ఎరుపు తెలియకపోవచ్చును. అందుచే అతడు చేతితో తాకి చూచెను. ఆ చోటు వెచ్చగా, గట్టిగా నుండెను. అవ్వ నూనె రాచి మర్దింపబోగా తల్లి వారించెను. నలిగిన కండను మర్దించుట కీడే. వెంటనే ఆసుపత్రి నర్సుకు తెలిపి, ఆమె చెప్పినట్లు ఆ చోటుమీద బరువు మోపనీయలేదు. కొన్ని దినములకు మచ్చ మానెను. ఇంకను ఒక దినము ఆలసించిన ఎన్ని నెలల బాధ కలిగెడిదో!

మిక్కిలి క్షీణించిన రోగికి ఎంత జాగ్రత్త పడినను పుండు కలుగవచ్చును. కావున ప్రతి పుండునకును ఇంటివారిని నిందించుట తగదు. కాని పెక్కు పుండ్లను ఆపగల సాధనములు పేదయింటను కలవు: ఒక గడియారము, నాలుగు దిండ్లు, చూచు కన్ను, తాకు చేయి. ఈ సేవకు పేరు రాదు; పుండు రాకుండుటయే దాని ఫలము. నడిరాత్రి లేచి తండ్రిని ప్రక్క మార్చు బాలుడు, ఆ దేహము పోగొట్టుకొన్న కావలివాని పనిని తాను చేయుచున్నాడు.