మంచు కరిగితే నీళ్ళు యాడికి పోతాయి?

"బోరు వేయడానికి లేని డబ్బులు మంచు చూసేదానికి యాడ్నుంచి వచ్చినాయిరా?" అని మా నాయన అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఫోన్‌లో ఒక్క మాటే అన్నాడు: "పాపకు చలి తగలనీయొద్దండి. పోయి రాండి."

మాది మద్దికెర. గుంతకల్లు దగ్గర అంటే చాలామందికి తెలుస్తుంది. దసరా గుర్రాల పందెం, వానాకాలంలో చుట్టుపక్కల చేలల్లో వజ్రాల వేట టీవీలో వస్తాయి. ఎండిపోయిన బోర్లు రావు. మాది పోయిన వేసవిలో ఎండిపోయింది. బెంగళూరులో కోడ్ రాసుకునే నేను "బోనస్ రాగానే కొత్తది వేద్దాం నాయనా" అని మాటిచ్చా. బోనస్ వచ్చింది. డిసెంబర్ చివరి వారానికి మా ఆవిడకీ, నాకూ, మూడున్నరేళ్ళ పాపకీ అల్మాటీ టికెట్లు కొనేశా.

అల్మాటీయే ఎందుకంటే, కజకిస్తాన్‌లో మనకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. ఢిల్లీ నుంచి విమానంలో నాలుగు గంటల లోపే. స్విట్జర్లాండ్ రీల్స్ చూసి కజకిస్తాన్ బుక్ చేసే బ్యాచ్ మనది. అన్నీ కలిపి రెండు లక్షల ఎనభై వేలైంది.

మెదెయు అనే చోట పెద్ద ఐస్ స్కేటింగ్ మైదానం ఉంది. అక్కడి నుంచి కేబుల్ కార్ ఎక్కితే నాలుగున్నర కిలోమీటర్లు కొండ మీదికి, షింబులాక్ దాకా తీసుకెళ్తుంది. ఆ రోజు మైనస్ తొమ్మిది. పాప మంచు చూసి గంతులేస్తుందని వీడియో ఆన్ చేసి పెట్టుకున్నా. గ్లౌజులు తీసెయ్యమని పావుగంట ఏడ్చింది. తర్వాత కాస్త మంచు నాలిక మీద పెట్టుకుని, "నాన్నా, ఇది మన ఫ్రిజ్‌లోదే" అంది. నా రెండు లక్షల ఎనభై వేలూ!

తిండికి ఇబ్బంది పడలేదు. ఆదోని నుంచి మా అత్తగారు బొరుగులు, పుట్నాల పొడి కట్టిచ్చారు. హోటల్ గదిలో బొరుగులు తడిపి, పొడి కలిపితే పొయ్యి లేని ఉగ్గాని. జెల్యోనీ బజార్ అనే పాత మార్కెట్‌కి వెళ్తే గుర్రం మాంసం అమ్ముతున్నారు. పండక్కి గుర్రాన్ని అలంకరించే ఊరివాణ్ణి, చూడలేక బయటికొచ్చేశా. ఈ సంగతి నాయనకు ఇంకా చెప్పలేదు.

మూడో రాత్రి పాపకు 102 జ్వరం. పిలిస్తే కళ్ళు తెరవడం లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు మ్యూజిక్ వినిపించారు. మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనంలో నాకు మా చేను కనిపించింది. బోరు డబ్బులు తెచ్చి బిడ్డకు జబ్బు కొన్నానా అనిపించింది.

రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడే 103కి ఫోన్ చేశాడు. అది అక్కడి అంబులెన్స్ నంబర్. ఒక డాక్టరమ్మ వచ్చింది. గొంతు, చెవులు చూసింది. తర్వాత కిటికీ కింద హీటర్ మీద చెయ్యి పెట్టి చూసి, పాప ఒంటి మీద బట్టలు లెక్కపెట్టింది: రెండు థర్మల్స్, స్వెటర్, టోపీ, పైన రగ్గు. ఫోన్ ట్రాన్స్‌లేటర్‌లో ఆమె మాట తెలుగులో వచ్చింది: "గొంతు ఎర్రగా ఉంది, భయం లేదు. కానీ పిల్లను ఉడకబెట్టవద్దు." బయట మైనస్ అయినా లోపల గది కొలిమిలా ఉంటుందనీ, ఆ పొడి గాలికి పిల్లలకు ఊరికే దాహం అవుతుందనీ మాకు తట్టనేలేదు. బట్టలు విప్పి, జ్వరం సిరప్ వేసి, గుక్క గుక్కగా నీళ్ళు తాగించాం. తెల్లారేసరికి లేచి ఉగ్గాని అడిగింది.

ఆ రోజు నాయనకు వీడియో కాల్ చేశా. జ్వరం సంగతి దాచి, కిటికీలోంచి కొండలు చూపించా. చాలాసేపు చూసి అడిగాడు:

"అదంతా కరిగితే నీళ్ళు యాడికి పోతాయిరా?"

నాకు తెలీదు. వెతికి చూశా. అల్మాటీ వీధుల పక్కన చిన్న చిన్న కాలువలుంటాయి, 'అరిక్‌'లు అంటారు. వసంతంలో కొండల మీది నీళ్ళు వాటిలో పారి చెట్లకు అందుతాయి. చలికాలంలో ఖాళీ. నేను అన్ని రోజులూ వాటిని డ్రైనేజీ అనుకుని దాటుకుంటూ తిరిగా.

కిందికి దిగి ఫోన్ కాలువ మీదికి తిప్పా.

"వాలు ఎటుంది?"

"కొండలు దక్షిణాన ఉన్నాయి నాయనా. ఉత్తరానికి పారతాయి."

"మోటరు లేకుండానా?"

"లేకుండానే."

"అదృష్టవంతులు," అన్నాడు. తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడాడు. లోతెంత, రాతి కట్టడమా, మట్టి పూడుతుందా, ఎవరు తీస్తారు? నాకు ఉద్యోగం వచ్చాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. వేళ్ళు కొయ్యబారుతున్నా ఫోన్ పెట్టలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళాం. బోరుకు లోన్ పెట్టా, ఆ సంగతి ముందే చెప్పేశా. ఇప్పుడు గొడవ పాయింటు ఎక్కడ అన్నదే. నేను జియాలజిస్టును పిలుద్దామంటున్నా. నాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచే మనిషితో మాట్లాడేశాడు. ఆయన శుక్రవారం వస్తాడట. పాప మాత్రం ఆ టెంకాయ తనకే ఇవ్వాలని తాత దగ్గర మాట తీసుకుంది.