ట్యాపెట్ కవరు, ట్రంకు పెట్టె

పూర్వ విద్యార్థులు ఏదైనా రాసి పంపమని సంచిక కమిటీ తమ్ముళ్లు అడిగితే రెండు రోజులు ఆలోచించాను. మా బ్యాచ్‌లో టీచర్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, ఒక ఇంజనీరు కూడా ఉన్నాడు. నేను విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌ని. గోళ్ల సందుల్లో నలుపు ఎంత రుద్దినా పోదు. ఇన్నేళ్లూ వార్షికోత్సవానికి రాకపోవడానికి కారణం అదే. ఈసారి ఆ పని గురించే రాస్తున్నాను.

అంబాసిడర్ కారును మీలో చాలామంది దగ్గరగా చూసి ఉండరు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 2014లో దాని తయారీ ఆగిపోయింది. మా షెడ్డుకి వచ్చింది 1489 సీసీ పెట్రోలు బండి, ఒక రిటైర్డ్ మాస్టారిది. కూతురి పెళ్లిలో పెళ్లికొడుకుని ఆ కారులోనే తీసుకురావాలని ఆయన కోరిక.

బానెట్ ఎత్తగానే ఇంజను పైన కనిపించేది ట్యాపెట్ కవరు. పుస్తకాల్లో వాల్వ్ కవరు అంటారు. రేకు డొప్పలా ఉంటుంది. దాని కింద రాకర్లు వాల్వులను నొక్కుతుంటే నూనె చిమ్ముతుంటుంది. ఆ నూనె బయటికి రాకుండా, దుమ్ము లోపలికి పోకుండా కాయడమే దాని పని. పైన రెండు నట్లు, అంచు కింద కార్క్ ప్యాకింగు.

అప్పుడు మేస్త్రి ఊళ్లో లేడు. నేను పాత రంగు మీదే వాటర్ పేపర్ కొట్టి వెండి రంగు వేశాను. ఆయిల్ మూతను పాలిష్ పెట్టి అద్దంలా రుద్దాను. నూనె కారకూడదని రెండు నట్లూ బలమంతా పెట్టి బిగించాను. మాస్టారు చూసి "కొత్త బండిలా చేశావయ్యా" అన్నారు.

పెళ్లి ఇంకో నాలుగు రోజులుందనగా ఫోన్ చేశారు. బానెట్‌లోంచి పొగ వస్తోందట. వెళ్లి చూస్తే కవరు అంచు నుంచి నూనె కారి, కింద ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడి కాలుతోంది. వేసిన రంగు పొలుసులుగా లేచింది. మాస్టారు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మేస్త్రి వచ్చి కవరు విప్పి గాజు పలక మీద పెట్టాడు. అంచు కింద నుంచి వెలుతురు కనబడింది.

"పైన మెరిపించావు గానీ, కూర్చునే చోటు చూడలేదురా. అంత బిగిస్తే రేకు వంగదా?" అన్నాడు.

ఆ మాటకి మన హాస్టల్లో నా ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. ఆరో తరగతిలో కలెక్టరు గారు వస్తున్నారని తుప్పు మీదే నీలం రంగు పూసేశాను. వానాకాలం రాగానే తుప్పు రంగును చీల్చుకుని బయటికొచ్చింది. వార్డెన్ సారు వైర్ బ్రష్ చేతికిచ్చి, "తెల్ల రేకు కనబడేదాకా గీకు" అన్నారు. అప్పుడు నేర్చుకోవాల్సింది ఇరవై ఏళ్లకు నేర్చుకున్నాను.

రంగు తీసే మందు రాసి పాత రంగంతా ఒలిచాను. ఇసుక కొట్టిద్దామంటే మేస్త్రి వద్దన్నాడు. లోపలి మడతల్లో ఇసుక రేణువులు దాక్కుంటాయి, తర్వాత నూనెలో కలిసి ఇంజనునే తింటాయి. వంగిన అంచును చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో తడుతూ, గాజు పలక మీద చూసుకుంటూ చదును చేశాను. కిరోసిన్‌తో కడిగి, థిన్నర్‌తో తుడిచి ప్రైమరు కొట్టాను. అది ఆరాక వేడికి ఓర్చే రంగు పల్చగా రెండు పూతలు వేశాను. కొత్త ప్యాకింగు, నట్ల కింద కొత్త రబ్బర్లు వేసి, ప్యాకింగు కాస్త నొక్కుకోగానే పానా ఆపేశాను. ఆపడమే కష్టమనిపించింది.

పెళ్లిరోజు కారు వెనకే స్కూటరు మీద వెళ్లాను. పొగ రాలేదు. మర్నాడు కవరు అంచు చుట్టూ వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది. రెండోసారి పనికి డబ్బు తీసుకోలేదు. మాస్టారు లడ్డూల పొట్లం చేతిలో పెట్టారు, నలుపు చూసి కూడా ఆ చెయ్యి పట్టుకున్నారు.

తమ్ముళ్లూ, ఈసారి వార్షికోత్సవానికి వస్తున్నాను. వైర్ బ్రష్షులు, ప్రైమరు తెస్తాను. తుప్పు పట్టిన పెట్టెలున్నవాళ్లు ఖాళీ చేసి ఉంచండి.