ఆ చెట్టుకి తాడు కట్టకండి!

గంటకి ఎనిమిది కిలోమీటర్లు. అంతకన్నా వేగంగా పడవ నడపకూడదని ముందే చెప్పారు. ‘అంటే సైకిలువాళ్లు కూడా మనల్ని దాటిపోతారన్నమాట’ అని మావారు నవ్వారు. నిజంగానే దాటిపోయారు. గట్టు మీంచి చెయ్యి ఊపి మరీ!

మా అబ్బాయి ఉద్యోగం ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో. అత్తయ్యగారు పోయాక మామయ్యగారు మాట్లాడటమే తగ్గించేశారు. కాస్త మార్పుగా ఉంటుందని కిందటేడు ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్లాం. అక్కడ కెనాల్ దు మిదీ అనే పాత కాలువలో పడవ అద్దెకి తీసుకుని మనమే నడుపుకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు, కాసేపు నేర్పించి చేతికిచ్చేస్తారు. పడకలూ వంటగదీ అన్నీ అందులోనే. ఓంప్స్ అనే ఊళ్లో ఎక్కాం.

మొదటి లాకు రాగానే మామయ్యగారు లేచి నిలబడ్డారు. ఆయన పుట్టిపెరిగింది గోదావరి డెల్టాలో, లాకుల పక్కనే. వాళ్ల నాన్నగారు లాకు తలుపులు తిప్పే పనిలో ఉండేవారు. కాటన్ దొర ఆనకట్ట కింది కాలువలు పొలాలకే కాదు, పడవలకీ దారి. ధాన్యం, కొబ్బరికాయలు వాటిలోనే వెళ్లేవి. ‘ఒరేయ్, అవే తలుపులురా!’ అన్నారు మనవడితో. ఆయన అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో!

తలుపులు అవే గానీ లోపలి గోడలు కోడిగుడ్డు ఆకారంలో ఉన్నాయి. మొదట్లో తిన్నగా కట్టిన గోడ మట్టి ఒత్తిడికి కూలిపోతే ఇలా మార్చారట. ఈ కాలువ తవ్వించిన పియర్ పాల్ రికే ఇంజినీరు కాదు, ఉప్పు పన్ను వసూలు చేసే కాంట్రాక్టరు. 1660ల్లో పని మొదలుపెట్టి సొంత డబ్బూ పోశాడు. తీరా 1681లో ప్రారంభానికి కొన్ని నెలల ముందే కన్నుమూశాడు. 240 కిలోమీటర్ల ఈ కాలువని యునెస్కో 1996లో వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆర్జాన్స్ లాకు దగ్గర భోజన విరామమని గంటసేపు ఆపేశారు. అది దాటాక 54 కిలోమీటర్ల దాకా మరో లాకు లేదు. సాయంత్రానికి లె సొమాయ్ అనే పల్లె చేరాం. రాతి వంతెన, దాన్నానుకుని చిన్న ప్రార్థనాలయం, తీగలు పాకిన ఇళ్లు. పూర్వం తులూజ్ నుంచి ప్రయాణికుల పడవల్ని గుర్రాలు లాగేవి. నాలుగు రోజుల ఆ ప్రయాణంలో రాత్రి మజిలీల్లో ఇదొకటట. ఇళ్లన్నీ కాలువకేసే చూస్తున్నాయి.

పడవ ఒడ్డుకి చేరగానే మామయ్యగారు తాడందుకుని దిగి, చకచకా పక్కనున్న ప్లాటాన్ చెట్టుకి చుట్టేశారు. అంతలో కుండీలకి నీళ్లు పోస్తున్న ఓ పెద్దావిడ చేతులూపుతూ పరుగెత్తుకొచ్చింది. కోపంగా ఏదో అంటోంది. ‘చెట్టుకి తాడు కట్టకండి, చచ్చిపోతుంది అంటున్నారు తాతయ్యా’ అన్నాడు అబ్బాయి.

ఆవిడ చెబుతుంటే వాడు తెలుగులో చెప్పుకొచ్చాడు. కాలువ గట్ల మీద 42 వేల ప్లాటాన్ చెట్లుండేవట. వాటికో బూజు తెగులు పట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా మందుగుండు పెట్టెల చెక్కతో యూరప్‌కి వచ్చిందంటారు. ఈ కాలువ మీద 2006లో బయటపడింది. తాడు ఒరుసుకుని బెరడు లేస్తే చాలు, ఆ గాయంలోంచి లోపలికి చేరుతుంది. వేళ్ల ద్వారా పక్క చెట్టుకి పాకుతుంది. మందు లేదు. కొట్టి తగలబెట్టడమే. అలా వేల చెట్లు పోయాయి. వాటి స్థానంలో వేరే రకాల మొక్కలు నాటుతున్నారు.

మామయ్యగారు మాట్లాడకుండా తాడు విప్పేశారు. బెరడుని ఒకసారి చేత్తో తడిమి చూశారు. పడవలో ఇచ్చిన ఇనుప మేకుల్ని గట్టులో దిగ్గొట్టి వాటికి కట్టారు. ఆవిడ కోపం చల్లారింది. వెళ్లి గిన్నెడు చెర్రీపళ్లు తెచ్చిచ్చింది.

రాత్రి పడవ మీద కూర్చున్నప్పుడు ఆయనే మాట కలిపారు.

‘మన లాకుల దగ్గర రావిచెట్టు ఉండేది కదమ్మా. పడవలన్నీ దానికే కట్టేవాళ్లం. తాళ్ల ఒరిపిడికి మొదలంతా నున్నగా అయిపోయింది. అయినా అరవకుండా నిలబడింది. మరి మన కాలువెందుకు చచ్చిపోయిందంటావు?’

‘పడవలు మానేశాయి కదండీ మామయ్యగారూ’ అన్నాను.

‘పడవలు పోతే పోయాయి, నీళ్లున్నాయిగా. రోడ్డొచ్చాక మన ఇళ్లన్నీ అటు తిరిగిపోయాయమ్మా. కాలువకి వీపు చూపించాం.’

నాకు మాట రాలేదు. మా ఇంటి పెరటి వెనకే ఆ కాలువ. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు. ఆ కవర్లలో కొన్ని నేను విసిరినవే.

ఊరొచ్చిన మర్నాడు మామయ్యగారు వీధరుగు మీదున్న తన కుర్చీని పెరట్లోకి మార్పించుకున్నారు, కాలువ కనబడేలా. ఆ సాయంత్రం అలవాటుగా చెత్తబుట్ట పట్టుకుని పెరటి గుమ్మం దాకా వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు. ఊరికే చూశారు.

బుట్ట పట్టుకుని వెనక్కి వచ్చేశాను.